స్టీఫెన్ అనబడు రామయ్య

దవాఖాన మందుల కౌంటర్‌లో ఉన్న అతను మామ ఆధార్ కార్డును ఒక చేత్తో, హెచ్ఐవి మందులు నెలనెలా రాసే పుస్తకాన్ని ఇంకో చేత్తో పట్టుకుని కాసేపు మార్చి మార్చి చూశాడు.

"స్టీఫెన్ ఎవరు?"

"నేనే సార్" అన్నాడు మామ.

"మరి గీ రామయ్య?"

"గది గూడ నేనే."

"ఇద్దరు నువ్వే అయితే లైన్ల రెండుసార్లు నిలబడాలె గద పెద్దమనిషీ."

వెనక ఉన్నవాళ్ళు నవ్వారు. మామ కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు కోసం నేను సగం రోజు జీతం వదులుకుని, పొద్దున ఆరింటికి షామీర్‌పేటలో బస్సెక్కి వచ్చాను.

"సార్, మనిషి ఒక్కడే. డాక్టరు గారు రాసిన చీటీ ఉంది, రిపోర్టులున్నాయి" అని కాగితాలన్నీ అద్దం కిందనుంచి తోశాను.

"రిపోర్టులన్నీ రామయ్య పేరు మీదున్నయమ్మా. ఆధార్ స్టీఫెన్‌ది. సిస్టం తీసుకోదు. ఇంత ఖరీదు మందు ఒకరి పేరు మీద రాసి ఇంకొకరికి ఇస్తే నా నౌకరి పోతది. పోయి పేరు కలిపించుకొని రాండ్రి."

పక్క దుకాణంలో చిల్లర మార్పించుకుని రమ్మన్నంత సులువుగా చెప్పాడు.

అతనిది తప్పని అనలేను. నేను మేడ్చల్‌లో ఒక మందుల గోదాంలో కంప్యూటర్ ముందు కూర్చుంటాను. పెట్టె మీద పేరూ, బిల్లు మీద పేరూ కలుస్తున్నాయా లేదా చూడటమే నా పని. ఒక్క అక్షరం తేడా ఉన్నా లోడు ఆపేస్తాం. అయినా అతని మీద కోపం వచ్చింది. అతని మీద రాకపోతే మామ మీద రావాలి. మామ మీద కోపం తెచ్చుకోవడం నాకు చేతకాదు.

స్టీఫెన్ మామ మా అమ్మ తమ్ముడు. నీళ్ళ ట్యాంకర్ నడుపుతాడు. మా నాయిన పోయాక నా చదువు ఆ ట్యాంకర్ మీదే నడిచింది. డిగ్రీ పరీక్షలకు మూడేళ్ళు నన్ను ఆ బండిలోనే కూర్చోబెట్టుకుని దింపాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. అందుకని మా ఇంట్లోవీ, మా వీధిలోవీ అన్ని ఫారాలూ నా దగ్గరికే వస్తాయి. మామ జబ్బు కూడా ఒక ఫారంగానే నా దగ్గరికి వచ్చింది. రెండేళ్ళ కింద ఒక కాగితం చదివి చెప్పమని ఇచ్చాడు. హెచ్ఐవి రిపోర్టు అది. అప్పటికి ఏడేళ్ళుగా మందులు వాడుతున్నాడు. మా అమ్మకు కూడా తెలియదు.

ఆ మందులు ఉచితం. నెలనెలా పోయి తెచ్చుకుని, వేళకు వేసుకుని, బాగానే ఉన్నాడు. ఈ ఫిబ్రవరిలో కళ్ళు పచ్చబడ్డాయి. పసిరికలని, అంటే కామెర్లని, ఎవరి దగ్గరికో పోయి పసరు పోయించుకున్నాడు. తగ్గకపోతే ఆ మందుల పుస్తకం మీదే ఇదే దవాఖానలో పరీక్షలు చేయించాం. హెపటైటిస్ సి అన్నారు.

"దీనికి మందుంది. మూడు నెలలు ఒక్కరోజు కూడా ఆపకుండా వాడితే వైరస్ పూర్తిగా పోతుంది" అన్నాడు డాక్టరు. "కానీ కాలేయం అప్పుడే గట్టిపడుతోంది. ఆలస్యం చేస్తే వైరస్ పోయినా, చెడిపోయిన కాలేయం తిరిగి రాదు. జల్దీ మొదలుపెట్టండి."

బయట కొంటే ఒక నెల మందు నా నెల జీతం కంటే ఎక్కువ. ఇక్కడ ఉచితం. పేరు కలిస్తే.

ఈ రామయ్య ఎలా వచ్చాడో మామే చెప్పాడు. తొమ్మిదేళ్ళ కింద మొదటిసారి ఇదే ఆవరణలో లైన్లో నిలబడ్డాడు. పేరు చెబితే ఊళ్ళో తెలుస్తుందని భయం. తాగే నీళ్ళు తెచ్చే మనిషికి ఈ జబ్బుందంటే ఎవరు పిలుస్తారు? ముందు నిలబడ్డాయన 'రామయ్య' అన్నాడట. మామ వంతు వచ్చింది. ఏదో ఒక పేరు అనుకుని వచ్చినవాడు అది మరిచిపోయాడు.

"నోట్లెకు గదే వచ్చింది బిడ్డా. నేను గూడ రామయ్యనే అన్న. ఊరేందంటే కీసర అన్న. ఆధార్ ఏదంటే పోయిందన్న. గా మేడం రామయ్య-రెండు అని రాసుకున్నది."

కౌంటర్ నుంచి నేరుగా నయన గారి గదికి పోయాం. ఆమె ఆ ఆవరణలోనే ఉన్న హెచ్ఐవి కేంద్రంలో కౌన్సెలర్. మామను మొదటినుంచీ ఎరిగిన మనిషి. అంతా విని తల పట్టుకుంది.

"మీలాంటివాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నరు రామయ్యన్నా. అదే, స్టీఫెనన్నా. దీనికి నోటరీ అఫిడవిట్ తేవాలి. స్టీఫెన్ అన్నా రామయ్య అన్నా ఒక్కరే అని. దానిమీద ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. సొంతవాళ్ళు పనికిరారు. రెండు పేర్లూ ఒక్కరివేనని తెలిసినవాళ్ళు కావాలి. వాళ్ళ ఆధార్ జిరాక్స్‌లు కూడా."

మామ ఆమె మొహం చూశాడు. "మేడం, రెండు పేర్లు ఒక్కనియే అని తెల్సినోడు ఒక్కడన్న ఉంటే, నేను పేరెందుకు మార్చుకుంట?"

"రూల్ నేను పెట్టలేదన్నా. ఇంకోటి, ఈ రిపోర్టులు మూడు నెలలే చెల్లుతయి. తర్వాత మళ్ళీ పరీక్షలు" అంది.

బయట రేకుల షెడ్డు కింద బల్లమీద మునావర్ భాయ్ కూర్చుని ఉన్నాడు. మేడ్చల్ మనిషి. మామతో పాటు ఎనిమిదేళ్ళుగా అదే లైన్లో నిలబడుతున్నాడు. మందులు తీసుకున్నాక ఇద్దరూ గేటు ముందు చాయ్ తాగి, చెరో బస్సు ఎక్కుతారు. మామ మొహం వెలిగింది.

"భాయ్, ఒక సంతకం గావాలె."

"పెడ్త, దేని మీద?"

మామ చెప్పాడు. తన అసలు పేరు స్టీఫెన్ అని కూడా చెప్పాడు. మునావర్ భాయ్ నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"అరే రామయ్య భాయ్, నా ఆధార్‌ల మునావర్ యాడుందే?"

"మరి నీ పేరేంది?"

"గిప్పుడెందుకు గది?"

"ఎనిమిదేండ్ల సంది నాతోని చాయ్ తాగుతున్నవ్. పేరు జెప్పవా?"

"నువ్వు జెప్పినవా?"

ఆ రోజు చాయ్ డబ్బులు ఆయనే ఇచ్చాడు. పేరు మాత్రం చెప్పలేదు.

మరుసటి వారం మేడ్చల్‌లో నోటరీ దగ్గరికి పోయాం. టైపు చేసే లక్ష్మణ్ 'స్టీఫెన్ అనబడు రామయ్య' అని గబగబా కొట్టి, సాక్షుల పేర్లు అడిగాడు. లేరన్నాను.

"గంతేనా మేడం" అని గోడపక్కన చాయ్ తాగుతున్న ఇద్దరిని చూపించాడు. "వాళ్ళు పెడ్తరు. పొద్దుగాల సంది ఖాళీగనే ఉన్నరు."

మామకు ప్రాణం లేచివచ్చింది. "గిది మంచిగున్నది. పెట్టించు బిడ్డా."

నేను కాగితం తీసుకుని బయటికి వచ్చేశాను. మామ వెంట వచ్చాడు. బస్ స్టాప్ దాకా తిట్టాడు.

"సదువుకున్నోళ్ళతోని గిదే తక్లీఫు. పని అయితున్నదంటే కాకుండ జేస్తరు."

"దవాఖానోళ్ళు వాళ్ళకు ఫోన్ చేసి రామయ్యెవరని అడిగితే ఏం జెప్తరు మామా? ఒక్క అబద్ధానికే ఇన్ని తిప్పలు పడుతున్నం. మల్ల రెండు రాయించాల్నా?"

"మరి నన్నేం జేయమంటవ్?"

"నిజం సాక్ష్యం గావాలె. మన ఊళ్ళె ఎవరికన్న జెప్పాలె. ఇగ వేరే దారి లేదు."

బస్సులో మామ కిటికీలోంచే చూస్తూ కూర్చున్నాడు. నేను సాక్ష్యం అన్నాను. సంతకం అని ఉంటే సరిపోయేది. మా ఇంట్లో, మా చర్చిలో సాక్ష్యం అంటే ఏమిటో తెలిసి కూడా ఆ మాటే అన్నాను.

మా చర్చిలో ఆదివారం ఆరాధనలో పాటలయ్యాక సాక్ష్యాల సమయం ఉంటుంది. ఎవరికి ఏ మేలు జరిగినా లేచి నిలబడి చెబుతారు. తప్పిపోయిన బర్రె దొరికిందని ఒకరు, బండి మీదనుంచి పడ్డా దెబ్బ తగల్లేదని ఒకరు. మామ ఎప్పుడూ లేవలేదు. ఆయన స్థలం వెనక వరసలో, చెప్పుల దగ్గర.

ఆ ఆదివారం సంఘ పెద్ద సాలోమోను తాత "ఇంకెవరన్న సాక్ష్యం చెప్పెటోళ్ళున్నరా?" అని అడగ్గానే మామ లేచాడు. నాకింకా అర్థం కాలేదు. ట్యాంకర్ గురించి ఏదో చెబుతాడనుకున్నాను.

"ప్రభువు నామంల అందరికి వందనాలు" అన్నాడు. "నాకు రెండు పేర్లున్నయి. మీకు స్టీఫెన్‌ను. దవాఖానల రామయ్యను. తొమ్మిదేండ్ల సంది నాకు హెచ్ఐవి ఉన్నది. మందులు ఏసుకుంటున్న, మంచిగనే ఉన్న. మీకు తెలుస్తదని అక్కడ అబద్ధం పేరు రాయించిన. ఇప్పుడు పసిరికల రోగం గూడ వచ్చింది. పేరు కలుస్తలేదని మందు ఇస్తలేరు. నిజం సాక్ష్యం గావాలె అని నా కోడలు అన్నది. గందుకే చెప్తున్న. స్టీఫెన్‌ను నేనే, రామయ్యను నేనే. గంతే."

కూర్చున్నాడు.

ఎవరు ఏ సాక్ష్యం చెప్పినా చివర స్తోత్రం అంటారు. ఆ రోజు ఎవరూ అనలేదు. పాటలకు వాయించే కీబోర్డు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్న స్త్రీ వేలు జారి ఒక స్వరం మోగింది. ఆమె భయపడి చెయ్యి తీసేసింది. మా అమ్మ పెంటమ్మ నా పక్కనే ఉంది. కొంగు నోట్లో కుక్కుకుంది. సాలోమోను తాత కళ్ళు మూసుకుని చాలా పెద్ద ప్రార్థన చేశాడు.

జరగాల్సింది జరిగిపోయింది. కనీసం పనైనా కావాలి కదా అని, అఫిడవిట్ నా బ్యాగులోనే ఉంది కాబట్టి, చర్చి బయటే ఒక్కొక్కరినీ అడిగాను.

"ప్రార్థన జేస్తం బిడ్డా, తప్పకుండ జేస్తం."

"ప్రార్థన సరే అత్తా. సంతకం?"

"సంతకమంటే మల్ల ఆధార్ ఇయ్యాలె గద. ఆధార్ ఇస్తే గా దవాఖాన లిస్టుల మా పేరు ఎక్కదా?"

"మీ పేరెందుకు ఎక్కుతది? మీరు సాక్షి అంతే."

"ఏమో తల్లీ. మా పిల్లగానికి సంబంధాలు చూస్తున్నం."

అయిదుగురిని అడిగాను. అయిదుగురూ ప్రార్థన చేస్తామన్నారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. నిజంగానే చేసి ఉంటారు. కానీ ప్రార్థన జిరాక్స్ తీసి కౌంటర్‌లో ఇవ్వలేను.

ఆ రాత్రి అమ్మ అన్నం ముట్టలేదు. "ఒక్క సంతకం కోసం ఇల్లు మొత్తం బజార్ల పెట్టినవ్ గదనే" అంది. తమ్ముడికి జబ్బుందని ఏడ్చిందో, తనకు చెప్పలేదని ఏడ్చిందో, అందరికీ తెలిసిందని ఏడ్చిందో నాకు తెలియదు.

మంగళవారం ఒక అపార్ట్‌మెంట్ వాళ్ళు ట్యాంకర్ వద్దన్నారు. శుక్రవారం ఇంకొకరు. వాచ్‌మెన్ మంచివాడు. "నీళ్ళు మంచిగనే ఉన్నయన్నా, గీ కమిటీవాళ్ళకే..." అని నసిగాడట. నేను మళ్ళీ గోదాంలో సెలవడిగితే మా సూపర్‌వైజర్ "మీ ఇంట్ల ఎవరో ఒకరికి ఎప్పుడూ ఏదో ఒకటేనా?" అన్నాడు. ఆ వారం నయన గారిని కలవడానికి వెళ్ళలేకపోయాను. రిపోర్టుల మీద తేదీ చూసుకుంటూ ఉన్నాను.

నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, ఏసు పేరున రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు. మా చర్చిలో ఎప్పుడూ ఒకటే గిన్నె. అందరూ దాంట్లోనే తాగుతారు. ఆ రోజు సాలోమోను తాత ఒక పళ్ళెంలో చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పులు తెచ్చాడు. ఎందుకో ఎవరూ అడగలేదు. మామ తన కప్పు తాగి, దాన్ని చేతిలో నలపకుండా జాగ్రత్తగా పళ్ళెంలో పెట్టాడు. బయటికి వచ్చాక, "నా పుణ్యాన చర్చికి కొత్త కప్పులొచ్చినయ్" అన్నాడు.

నేను ఆగలేదు. సాలోమోను తాత పళ్ళెం కడుగుతుంటే నేరుగా వెళ్ళాను.

"తాతా, ఒకే గిన్నెల తాగితే గీ జబ్బు రాదు. నేను దవాఖానల అడిగిన. కాగితం గూడ తెచ్చిస్త."

"నాకెరుకనే పిల్లా."

"ఎరుకయితే మరి గిదేంది?"

"నాకెరుక. జనానికెరుక లేదు. గా గిన్నెనే పెడితే మీ మామ తాగినంక సగం మంది లేచి బయటికి పోదురు. గప్పుడు వాని మొఖం ఎట్లుంటుండె? జర ఆలోచించు."

అది నిజమే. నిజమని తెలిసి ఇంకా కోపం వచ్చింది.

"గంత ఆలోచించెటోనివి, ఒక సంతకం ఎందుకు పెట్టవు?"

ఆయన నీళ్ళ చేతులు పంచెకు తుడుచుకున్నాడు. "సంఘ పెద్దగ పెడితే రేపు ప్రతోడు ఏదో ఒక కాగితం పట్టుకొని నా దగ్గరికే వస్తడు."

"సంఘ పెద్ద అని రాయను. షామీర్‌పేట నివాసి అని రాయిస్త. నువ్వు నివాసివి కాదా?"

ఆయన పళ్ళెం గోడకు ఆనించాడు. "మీ అమ్మకు గింత నోరు లేకుండె" అన్నాడు. సాయంత్రం ఇంటికి వచ్చి ఆధార్ జిరాక్స్ గుమ్మం మీద పెట్టి, కూర్చోమన్నా కూర్చోకుండా పోయాడు.

ఇంకొకరు కావాలి. సోమవారం బస్సు కోసం నిలబడితే బజ్జీల బండి దుర్గాబాయి కేకేసింది. మామ ఆమెకు రోజూ రెండు డ్రమ్ములు నీళ్ళు నింపుతాడు.

"ఏంది పోరీ, ఊరంత తిరిగి సంతకాలడుగుతున్నవంట. నన్నడగవా? నేను మనిషిని గానా?"

"నువ్వు మా చర్చికి రావు గదమ్మా. నీకు తెల్వదనుకున్న."

"చర్చిల అన్న మాట గీ బండి దాక రానీకె ఎంతసేపు పడ్తది? స్టీఫెన్ అన్నా వాడే, గా ఇంకో పేరేంది, రామయ్య, గదన్నా వాడే. ఊరందరికి తెల్సు."

రెండు పేర్లూ ఒక్కరివేనని తెలిసినవాళ్ళు కావాలని నయన గారన్నారు. ఆ రూలు ప్రకారం ఇప్పుడు మా ఊళ్ళో ప్రతి మనిషీ సాక్షిగా పనికొస్తాడు.

"నీళ్ళు పోయించుకుంటున్నవ్ గద, నీ గిరాకీ పోదా?" అని అడిగాను.

"మరుగుతున్న నూనెల ఏ రోగం బతుకుతదే? ఎవడన్న అడిగితే గదే జెప్త. పెన్ను తే."

ఆమెనూ సాలోమోను తాతనూ మేడ్చల్ తీసుకుపోయి, నోటరీ ముందు సంతకాలు పెట్టించేసరికి ఇంకో వారం పట్టింది. రిపోర్టుల గడువు ఇంకా తొమ్మిది రోజులుంది.

కౌంటర్‌లో అదే మనిషి. అఫిడవిట్ తీసుకున్నాడు. మొదటి పేజీ కూడా తిప్పలేదు. స్టేప్లర్‌తో కొట్టి, పక్కనున్న కట్టలో పడేసి, కంప్యూటర్‌లో ఏదో నొక్కాడు. మందు సీసా అద్దం కిందనుంచి వచ్చింది. నెలకు సరిపడా.

"చదవరా సార్?" అన్నాను.

"ఏంది?"

"ఆ కాగితం. ఎవరు సంతకం పెట్టిండ్రో చూడరా?"

"ఉండాలంతే అమ్మా. ఆడిట్‌ల అడిగితే చూపియ్యాలె."

రెండు నెలలు. రెండు అపార్ట్‌మెంట్లు. ఒక తొమ్మిదేళ్ళ రహస్యం. ఉండాలంతే. నేను అక్కడే నిలబడ్డాను. వెనకనుంచి "జరగమ్మా" అంటున్నారు.

"ఒక్కసారి చదవండి సార్. రెండు పేజీలే."

అతను మొదటిసారి నన్ను సరిగ్గా చూశాడు. ఏదో అనబోయి, వేరేది అన్నాడు. "మంచిగ యాది చేసినవ్. దీని జిరాక్స్‌లు గావాలె. వచ్చే నెలకొకటి, ఆ పై నెలకొకటి, ల్యాబ్‌ల ఒకటి, హెచ్ఐవి సెంటర్ల ఒకటి." కట్టలోంచి లాగి పిన్ను పీకి నా చేతిలో పెట్టాడు. "తీసుకొని జల్దీ రాండ్రి. రెండింటికి బంద్ జేస్త."

జిరాక్స్ షాపు గేటు బయట ఉంది. "ఎన్ని?" అన్నాడు షాపాయన. నేను వేళ్ళ మీద లెక్కపెడుతున్నాను.

"ఇరవై తియ్యి" అన్నాడు మామ.

"నాలుగు చాలు మామా."

"ఇరవై తియ్యమను. ఇగ ఎవలడిగితే వాళ్ళకిద్దం. ఇంటింటికి తిరుగుడు నాతోని గాదు." నవ్వకుండానే అన్నాడు.

పదకొండో కాపీకి మిషన్ ఆగిపోయింది. వేడెక్కింది, అయిదు నిమిషాలు ఆగాలన్నాడు షాపాయన. గడియారం ఒంటిగంట నలభై చూపిస్తోంది. మామ మెట్టు మీద కూర్చుని సీసా మూత తిప్పాడు. రాలేదు. మళ్ళీ తిప్పాడు. పళ్ళతో పట్టబోయాడు.

"గిది గూడ రాదా!" అని విసుక్కున్నాడు.

"కిందికి ఒత్తి తిప్పాలె మామా" అని నేను తీసి ఇచ్చాను. ఒక మాత్ర అరచేతిలో వేసుకుని, షాపాయన్ని నీళ్ళడిగి, మింగాడు.